చిమ్నీ చెకప్ ఎవరితో చేయించాలి? విశాఖలో ఇల్లున్నవాళ్లకీ, ఫ్లాట్ కొనబోయేవాళ్లకీ

స్విచ్ వేస్తే చిమ్నీ చప్పుడు చేస్తుంది, లైటూ వెలుగుతుంది. కానీ వంజరం వేపుడు వాసన మాత్రం హాల్లో సోఫా దాకా వచ్చేస్తుంది. ఇలాంటప్పుడు నలుగురు నాలుగు దారులు చెబుతారు. కంపెనీకి ఫోన్ చెయ్యమని ఒకరంటారు, యాప్‌లో బుక్ చేస్తే అయిపోతుందని ఇంకొకరు. మా ఇంటికొచ్చే కుర్రాడు బంగారంలా చేస్తాడని పక్కింటావిడ చెబుతుంది. ఆ మాత్రం దానికి మనిషెందుకు, వేడినీళ్లలో సబ్బేసి నానబెడితే పోదా అని ఇంట్లో పెద్దవాళ్లు. పాత ఫ్లాట్ కొనబోయేవాళ్లకి తికమక ఇంకోలా ఉంటుంది. "చిమ్నీ కూడా మీకే వదిలేస్తాం అండీ" అని అమ్మేవాళ్లు అన్నప్పుడు అది కలిసొచ్చిందో, తలనొప్పి అంటగడుతున్నారో తెలీదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరిని పిలిచినా అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటే: పైపు చివరిదాకా చూస్తారా? మన దగ్గర చిమ్నీ సర్వీసులు ఎక్కువగా పొయ్యి మీద కనిపించే డబ్బాతో మొదలై ఆ డబ్బాతోనే ముగుస్తాయి. జిడ్డు గడ్డకట్టేది, గోరింకలు గూడు పెట్టేది, ఉప్పుగాలికి తుప్పు పట్టేది దాని వెనకాల పైపులోనూ, గోడ బయటి మూతలోనూ.

ముందు ఏమేం చూడాలి

పైపుతోనే మొదలుపెడదాం. ఇళ్లలో పెట్టే చిమ్నీల్లో ఎక్కువవాటికి 6 అంగుళాల పైపు కావాలి. గోడకి అప్పటికే 4 అంగుళాల కన్నం ఉందనుకోండి, బిగించే మనిషి అక్కడికక్కడ పైపు సైజు తగ్గించే ఒక రిడ్యూసర్ తగిలించి పని కానిచ్చేస్తాడు. 6 అంగుళాల గొట్టంతో పోలిస్తే 4 అంగుళాల గొట్టంలో గాలికి ఉండే దారి సగం కూడా కాదు, నూటికి 44 వంతులే. డబ్బా మీద గంటకి 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, ఆ ఇరుకులో ఆ అంకె నిలబడదు. పొగ లాగడం మందగిస్తుంది, చప్పుడూ పెరుగుతుంది. పైపు పొడవు, వంపులు కూడా అంతే ముఖ్యం. ముడతలుండే అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు అయితే వంపు తిరిగిన ప్రతిచోటా జిడ్డు ముడతల్లో దిగబడుతుంది. లోపల నునుపుగా ఉండే పైపులో అంత నిలవదు.

తర్వాత బయటి మూత. పైపు చివర ఉండే ఆ జాలీలో ఒక రేకు తలుపు ఉంటుంది. చిమ్నీ నడుస్తుంటే తెరుచుకోవాలి, ఆపగానే మూసుకోవాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి, సాగర్ నగర్, రుషికొండ లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఆ తలుపు కీలు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. మూసుకుని బిగిస్తే పొగ బయటికి పోదు. తెరుచుకుని బిగిస్తే సముద్రం గాలి, వాన జల్లు వంటింట్లోకి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఇక్కడున్నవాళ్లకి, గాలివాన ఎంత చిన్న సందులోంచైనా ఎలా దూరుతుందో చెప్పక్కర్లేదు. పోర్టుకి దగ్గరగా పాత పట్నంలోనో, మల్కాపురం, గాజువాక వైపో ఉంటే ఉప్పుకి తోడు దుమ్ము. అది జిడ్డుతో కలిస్తే గట్టిగా అంటుకుపోతుంది.

మూడోది కరెంటు. త్రీ పిన్ సాకెట్‌కి ఎర్తింగ్ వచ్చిందా, వైరు పొయ్యి వేడికి దగ్గరగా వేలాడుతోందా, ప్లగ్గు చేతికి అందుతుందా, లేక అల్మారా వెనక మూసేశారా? ఆటో క్లీన్ చిమ్నీలో నూనెని కరిగించడానికి వేడి చేసే కాయిల్ ఉంటుంది కాబట్టి ఈ విషయం తేలిగ్గా వదలకూడదు.

ఇక చూడ్డానికొచ్చిన మనిషి సంగతి. అతనికి అమ్మాల్సిన సరుకేమైనా ఉందా? చూసినదాన్ని ఫొటోలతో రాసి ఇస్తాడా? కొనేవాళ్లకి ఈ రెండోది చాలా ముఖ్యం. నోటిమాటగా చెప్పింది బేరం దగ్గర పనికిరాదు.

ఎంత లోతుగా చూడాలి

ఇక్కడ అమెరికా పద్ధతి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ కట్టెలు, గ్యాసు కాల్చే పొయ్యిల చిమ్నీలకి ఎన్‌ఎఫ్‌పీఏ అనే అగ్నిప్రమాద నివారణ సంస్థ పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం ఉంది. అందులో తనిఖీ మూడు స్థాయిలు. వాడకంలో మార్పేమీ లేకపోతే కంటికి అందేవరకు చూసేది మొదటిది. ఇల్లు చేతులు మారుతున్నప్పుడు, పొయ్యి మార్చినప్పుడు, చిమ్నీలో మంట లేచినప్పుడు, భూకంపం వచ్చినప్పుడు కెమెరా దింపి చూసేది రెండోది. లోపల ప్రమాదం దాగుందని అనుమానం బలపడితే గోడలో కొంత భాగం విప్పైనా సరే చూసేది మూడోది.

మనవి ఆ ఇటుకల చిమ్నీలు కావు. అయినా ఈ విభజన మన వంటింటికీ సరిపోతుంది. ఫిల్టర్లు, మోటారు, వైరు, గాలి లాగడం చూస్తే అది పైచూపు. పైపులోకి సన్నని కెమెరా పంపి గోడ అవతలి మూత దాకా చూస్తే అది రెండో మెట్టు. ఫాల్స్ సీలింగో అల్మారానో విప్పి పైపు బయటికి తీస్తే మూడోది. ఏటా మొదటిది చాలు. ఇల్లు కొంటున్నా, చిమ్నీ మారుస్తున్నా, తుపాను తర్వాత పైపులో నీళ్లు కారినా రెండోది కావాలి. రెండోదాంట్లో ఏదో తేడా కనిపిస్తేనే మూడోదాని జోలికి వెళ్లాలి. మొదటి రోజే "అంతా విప్పాలి సార్" అనేవాడిని ఎందుకని అడగండి.

| దారి | పైపు దాకా వెళ్తారా | విడిభాగాలు, వారంటీ | అమ్మకం ఒత్తిడి | రాసి ఇస్తారా |
|---|---|---|---|---|
| మీరే చూసుకోవడం | అందినంత వరకే | ఇబ్బంది లేదు | ఉండదు | మీ ఫోన్‌లో ఫొటోలే |
| కంపెనీ సర్వీస్ | అడిగితేనే, ఒక్కోసారి అడిగినా వెళ్లరు | బాగుంటుంది | ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం), కొత్త మోడల్ | జాబ్ షీట్ ఇస్తారు, పైపు సంగతి అందులో తక్కువ |
| యాప్‌లో బుకింగ్ | ప్యాకేజీలో ఉంటేనే | అంతంతమాత్రం | అదనపు ప్యాకేజీలు | బిల్లు, ముందూ తర్వాతా ఫొటోలు |
| తెలిసిన మెకానిక్ | ఒప్పిస్తే వెళ్తారు | అసలు పార్టు అని నమ్మకం తక్కువ | మనిషిని బట్టి | సాధారణంగా ఇవ్వరు |
| స్వతంత్ర ఇంజినీరు | కన్నం, పైపు దారి, షాఫ్ట్ చూస్తారు | వాళ్ల పని కాదు | ఉండదు | రిపోర్టు ఇస్తారు |

మీరే చూసుకుంటే

ఎవరిని పిలిచినా పిలవకపోయినా ఇది ముందు చెయ్యాలి. ఖర్చు లేదు, పైగా మెకానిక్ వచ్చి ఏం చెప్పినా అందులో నిజమెంతో తెలుస్తుంది.

న్యూస్ పేపర్ కాగితాన్ని ఫిల్టర్‌కి అతికించే పరీక్ష అందరూ చేస్తారు. కాగితం నిలబడితే మోటారు లాగుతోందని అర్థం, అంతవరకే. పైపు సగం పూడినా కాగితం నిలబడొచ్చు. అందుకని దానికంటే అగరుబత్తి మేలు. వెలిగించి పొయ్యి నాలుగు మూలల దగ్గరా పట్టుకోండి, పొగ ఎటు పోతోందో చూడండి. మొదట వంటింటి కిటికీ తీసి, తర్వాత ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ వేసి. కిటికీ తీసినప్పుడు బాగా లాగి, వేసేసరికి నీరసపడితే చిమ్నీలో లోపం లేదు. ఇంట్లోకి కొత్తగాలి వచ్చే దారి లేదు. బయటికి తోసినంత గాలి లోపలికి రావాలి కదా. ఏసీ కోసం అన్ని సందులూ మూసేసిన ఫ్లాట్లలో ఇది మామూలే. దీనికి సర్వీసు అక్కర్లేదు, కిటికీ రెండంగుళాలు తెరిస్తే సరి.

బయటి మూత సంగతి తేల్చుకోవాలంటే మధ్యాహ్నం సముద్రం గాలి బాగా వీచే వేళ చూసుకుని, చిమ్నీ ఆపేసి, అదే అగరుబత్తి ఫిల్టర్ కింద పట్టండి. పొగ కిందికి చెదిరితే రేకు తలుపు మూసుకోవడం లేదన్నమాట.

ఫిల్టర్ తీసేముందు ప్లగ్గు పీకండి. ఫోన్ టార్చితో లోపల చూసి ఫొటో తియ్యండి. వేలితో గీస్తే గుర్తు పడేంత జిడ్డుంటే పైపులోనూ ఉన్నట్టే. రేకు పలకలుండే బాఫిల్ ఫిల్టర్‌ని వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి నానబెడితే చాలు. కాస్టిక్ సోడా వద్దు. అది అల్యూమినియంని తినేస్తుంది. జాలీ ఫిల్టర్, ఫ్లెక్సిబుల్ పైపు రెండూ చాలా ఇళ్లలో అల్యూమినియమే. పైపు లేని, గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే రకం చిమ్నీ అయితే అందులో బొగ్గు ఫిల్టర్ ఉంటుంది. దాన్ని కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

"ఆటో క్లీన్ కదండీ మాది" అనేవాళ్లు చాలామంది. ఆటో క్లీన్ మోటారు చుట్టూ ఉన్న నూనెని కరిగించి కింది కప్పులోకి దించుతుంది. పైపుని అది ముట్టుకోదు.

సొంతంగా చెయ్యకూడని పని ఒకటుంది. కిటికీలోంచి ఒంగి బయటి మూత పట్టుకుని చూడకండి. మేడ మీంచో, ఎదురు ఫ్లాట్ బాల్కనీలోంచో ఫోన్ జూమ్ చేసి వీడియో తీస్తే సరిపోతుంది.

కంపెనీ సర్వీస్

వారంటీ ఉన్నన్నాళ్లు ఇంకో ఆలోచన వద్దు, వీళ్లనే పిలవండి. బయటివాళ్లు మోటారు విప్పారని తెలిస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. సర్క్యూట్ బోర్డు, టచ్ ప్యానెల్, సెన్సర్ లాంటివి పాడైతే అసలు పార్టు వీళ్ల దగ్గరే దొరుకుతుంది.

చిక్కంతా పైపు దగ్గరే. మోటారు వారంటీ ఏళ్ల తరబడి ఉన్నట్టు కార్డు మీద కనిపిస్తుంది కానీ మిగతా భాగాలకి అంత ఉండదు, పైపు లెక్కలోకే రాదు. దాన్ని బిగించింది చాలాసార్లు మాడ్యులర్ కిచెన్ చేసిన కార్పెంటరో, బిల్డర్ పంపిన ప్లంబరో. అందుకే టెక్నీషియన్ వచ్చి, "మిషన్ ఫైన్ సార్, పైపు మాకు సంబంధం లేదు" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని పని అంతవరకే. ఏఎంసీ తీసుకునేముందు అందులో పైపు శుభ్రం, బయటి మూత ఉన్నాయో లేదో కాగితం మీద చూసుకోండి. లేకపోతే ఆ ఏఎంసీ మోటారుకి మాత్రమే.

యాప్ బుకింగ్

టైముకి వస్తారు, రేటు ముందే కనిపిస్తుంది, శుభ్రం చేసి వెళ్తారు. ఉద్యోగాలు చేసుకునే ఇద్దరున్న ఇంటికి హాయి. కానీ మీరు కొంటున్నది క్లీనింగ్, చెకప్ కాదు. వచ్చినతను గంటలో ఇంకో ఇంటికి పోవాలి. డబ్బా తళతళలాడిస్తాడు, పైపు అడిగితే ప్యాకేజీలో లేదంటాడు. ఏటా ఒకసారి శుభ్రానికి సరే. కొనబోయే ఫ్లాట్ చూపించడానికి పనికిరాదు.

తెలిసిన మెకానిక్

అక్కయ్యపాలెంలోనో, సీతమ్మధారలోనో, గోపాలపట్నంలోనో ప్రతి రెండు వీధులకీ ఒకరుంటారు. మిక్సీ, గీజరు, ఆర్‌వో, చిమ్నీ అన్నీ చేస్తారు. పైపు విప్పి, దులిపి, అవసరమైతే కొత్తది వెయ్యడానికి వీళ్లు ముందుకొచ్చినట్టు ఇంకెవరూ రారు. నా ఓటు, వారంటీ దాటిన చిమ్నీకి, వీళ్లకే. కాకపోతే షరతులున్నాయి. కాస్టిక్, యాసిడ్ వాడొద్దని ముందే చెప్పాలి. పార్టు మారిస్తే పాతది మీ చేతికివ్వమని అడగాలి. పైపు విప్పకముందు, విప్పాక మీరే ఫొటోలు తీసుకోవాలి.

ఫోన్‌లో ఇలా అడిగి చూడండి:

"బాబూ, చిమ్నీ పొగ లాగట్లేదు. పైపు కూడా విప్పి చూస్తావా, మిషన్ ఒక్కటేనా?"

"పైపు ఎలా పోయింది మేడమ్? ఫాల్స్ సీలింగ్ లోంచా?"

ఇలా ఎదురు ప్రశ్న వేసినవాడు పనివాడు. "అన్నీ చేస్తాం మేడమ్, లొకేషన్ పెట్టండి" అన్నవాడిని ఇంకో రెండు ప్రశ్నలడిగి చూడాలి. విజిట్ చార్జీ ఎంత, క్లీనింగ్ ఎంత, పైపు పనికి ఎంత అని మూడూ విడివిడిగా అడగండి. కలిపి ఒక అంకె చెబితే వచ్చాక అది పెరుగుతుంది.

ఎత్తు విషయంలో మాత్రం మొహమాటపడకండి. ఏడో అంతస్తులో ఏసీ పెట్టే చెజ్జా మీద తాడు లేకుండా నిలబడి మూత మారుస్తానంటే వద్దనండి. ఆ కుర్రాడు ధైర్యవంతుడే కావచ్చు, అయినా వద్దు. లోపలినుంచి మార్చే వీలుందో చూడమనండి, లేకపోతే అసోసియేషన్ పెయింటింగ్ పని పెట్టినప్పుడు తాళ్లమీద దిగేవాళ్లతో చేయించుకోవచ్చు.

స్వతంత్ర ఇంజినీరు, అంటే కొనేవాళ్ల దారి

చిమ్నీ కోసం సివిల్ ఇంజినీరా అని నవ్వొచ్చు. చిమ్నీ కోసం కాదు, గోడలో కన్నం కోసం. 6 అంగుళాల పైపు పోవాలంటే ఆరున్నర, ఏడు అంగుళాల కన్నం కావాలి. వంటింటి పైభాగంలో కిటికీ మీద ఖాళీ దొరక్కపోతే గుండ్రంగా కన్నం కోసే కోర్ కటింగ్ వాడు నేరుగా బీము మీద మిషన్ పెట్టేస్తాడు. బీములో ఇనప చువ్వ తెగితే ఆ ఇంటికే కాదు, పై అంతస్తులకీ లెక్క తేడా వస్తుంది. కోసిన కాంక్రీటు మొహం ఉప్పుగాలికి తెరిచి ఉంటే మిగిలిన ఇనుమూ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది. చిమ్నీ మెకానిక్‌కి ఇది కనిపించదు, కనిపించినా చెప్పడు. ఫ్లాట్ మొత్తానికి తేమ, పగుళ్లు, ప్లంబింగ్ చూడ్డానికి ఎలాగూ ఇంజినీరుని తీసుకెళ్తారు కాబట్టి ఈ కన్నం కూడా జాబితాలో వేయించండి.

అతను చూడాల్సిన రెండో విషయం పైపు ఎక్కడికి తెరుచుకుంటోందన్నది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం పాత అపార్ట్‌మెంట్లు కొన్నింట్లో వంటింటి పైపుని బాత్రూం గొట్టాలుండే ఇరుకు షాఫ్ట్‌లోకి వదిలేస్తారు. మూడు నాలుగు ఇళ్ల పొగ అందులో చేరితే పై ఇంటివాళ్ల బాత్రూం వెంటిలేటర్‌లోంచి మీ పోపు వాసన, మీ ఇంట్లోకి కింది ఇంటి ఎండుచేపల వాసన. గొడవ ఒక్క వాసనతో అయిపోదు. జిడ్డు పట్టిన ఆ షాఫ్ట్‌లో కింద మంటంటుకుంటే అది పైకి పాకడానికి దారి దొరికినట్టే. పైపు నేరుగా బయటి గోడకి పోతే మంచిది. అది పక్కింటివాళ్ల బెడ్రూం కిటికీ కింద ఉందేమో కూడా చూడండి. ఇల్లు కొనేసరికి గొడవ మీకు వారసత్వంగా వస్తుంది. అసోసియేషన్ సెక్రటరీని ఒక్క మాట అడిగితే పాత తగాదాలన్నీ బయటపడతాయి.

మూడోది గ్యాస్ గీజరు. వంటింటిని ఆనుకుని యుటిలిటీలో గ్యాస్ గీజరు ఉంటే, తలుపులన్నీ వేసి చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టినప్పుడు అది గీజరు వదిలే పొగని ఇంట్లోకి లాగొచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం మీదికొచ్చేదాకా తెలీదు. చూడ్డానికెళ్లినప్పుడు రెండూ ఒకేసారి నడిపించి, గీజరు దగ్గర అగరుబత్తి పట్టి చూడమనండి. పొగ ఇంట్లోకి వాలితే గీజరు మార్చాలి, కనీసం దాని చోటు మార్చాలి.

ఈ ఇంజినీరు మోటారు బాగు చెయ్యడు, ఫిల్టర్ కడగడు. అది తెలిసే పిలవాలి.

మీ పరిస్థితి ఏది?

*మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది, ఎండాడ వైపు కొత్త ఫ్లాట్ బుక్ చేశారు, ఇంకా చేతికి రాలేదు.* మీ అదృష్టం. గోడలు పూర్తికాకముందే చిమ్నీ కన్నం ఎక్కడో, ఎంత సైజో బిల్డర్‌తో కాగితం మీద రాయించుకోండి. 4 అంగుళాల కన్నం ఇచ్చి "అందరికీ ఇంతే సార్" అంటే ఒప్పుకోవద్దు. హ్యాండోవర్ రోజు ఇంజినీరుని తీసుకెళ్లండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ చేతికొచ్చాక అయిదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బయటపడి మీరు తెలియజేస్తే బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. బిల్డర్ వదిలిన కన్నం చుట్టూ వాననీళ్లు దిగితే ఇది గుర్తుంచుకోండి. మీరు తర్వాత కొట్టించుకున్న కన్నానికి వర్తిస్తుందని ఆశపడకండి.

*రీసేల్ ఫ్లాట్ కొంటున్నారు, చిమ్నీ కూడా ఇస్తామంటున్నారు.* ఇంజినీరు, తెలిసిన మెకానిక్ ఇద్దరూ కావాలి. మెకానిక్ దగ్గర సన్న కెమెరా లేకపోతే ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మీరే కొని ఇవ్వండి. పాత చిమ్నీ విలువ ధరలో కలపనివ్వకండి. పైపు, కన్నం బాగుంటేనే దానికి విలువ. పదేళ్లు దాటిన మిషన్ని నేనైతే తీసుకుపొమ్మంటాను, కన్నం మాత్రం సరిగ్గా మూసి ఇమ్మంటాను.

*సముద్రానికి దగ్గరగా పదేళ్లుగా సొంతిల్లు.* ఏటా మెకానిక్, మధ్యలో నెలకోసారి మీ అగరుబత్తి. బయటి మూత ఈసారి మార్చేటప్పుడు పెయింటు కొట్టిన ఇనప రేకుది వద్దు, 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుదో మంచి ప్లాస్టిక్‌దో చూడండి. స్టెయిన్‌లెస్ కదా అని 202 గ్రేడుది అంటగడతారు, ఉప్పుగాలికి అది త్వరగా మచ్చలు పడుతుంది.

*మీరు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో ఉన్నారు, ఇక్కడ ఫ్లాట్ నెలల తరబడి తాళం వేసి ఉంది.* అద్దెకిచ్చేముందు పైపు విప్పించాల్సిందే. వాడని పైపు పావురాలకి ఎంత సుఖమో చెప్పలేను. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఎండుపుల్లలు మోటారులోకి రావడం, అది కాలిపోవడం జరగొచ్చు. వీడియో కాల్‌లో మీరుండి చేయించండి.

*అద్దె ఇల్లు.* ఫిల్టర్ కడగడం మీ పని, పైపు ఇంటాయన పని. చేరిన వారంలోనే ఫొటోలు పంపి చెప్పండి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెట్టడానికి అది సాకు కాకుండా.

*మేడలేని సొంత ఇల్లు, వారానికోసారి కూడా డీప్ ఫ్రై ఉండదు.* మీకు చిమ్నీ లేకపోయినా నష్టం లేదు. ఒక మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీ. ఇది చెబితే షోరూంవాళ్లకి నచ్చదు.

రెండు భద్రత మాటలు

గ్యాస్ వాసన వస్తే చాలామంది మొదట చేసే పని చిమ్నీ ఆన్ చెయ్యడం. వద్దు. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాసు గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు, స్విచ్ దగ్గర వచ్చే నిప్పురవ్వే ప్రమాదం. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. కడాయిలో నూనె అంటుకుంటే పొయ్యి ఆపాలి, చేయి అందితే చిమ్నీ కూడా ఆపాలి, లేకపోతే మంటని జిడ్డు పైపులోకి లాగుతుంది. నీళ్లు పొయ్యకూడదు, మూత పెట్టాలి.

పిల్లలు అమెరికాలో ఇల్లు కొంటుంటే

విశాఖలో ఈ ప్రశ్న అడిగే అమ్మానాన్నలు తక్కువేమీ కాదు. అక్కడ ఫైర్ ప్లేస్ ఉన్న ఇల్లు కొంటుంటే మామూలు హోమ్ ఇన్స్పెక్టర్ చూసింది చాలదు. అతను సాధారణంగా పైచూపు చూసి వదిలేస్తాడు. ఇల్లు చేతులు మారేటప్పుడు పైన చెప్పిన ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చెప్పేది రెండో స్థాయి తనిఖీ, కెమెరాతో. చిమ్నీ భద్రత కోసం అక్కడున్న సీఎస్‌ఐఏ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉన్నవాళ్లని వెతుక్కోమనండి. కట్టెల పొగ నుంచి పేరుకునే క్రియోసోట్ అంటుకుంటే గొట్టమంతా మండుతుంది. పగిలిన లైనింగ్ సందుల్లోంచి పొగ పడకగదిలోకి రావచ్చు. రిపోర్టు కొనుగోలు గడువు లోపల చేతికొస్తే ధర తగ్గించమని అడగొచ్చు, బాగుచేయించి ఇమ్మనొచ్చు. అక్కడ కూడా తనిఖీ చేసిన కంపెనీయే పెద్ద రిపేరు అంచనా ఇస్తే ఇంకొకరి అంచనా తీసుకోవడం మంచిది.

ఎప్పుడు పిలవాలి

తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. బయటి మూత సెప్టెంబరులోనే చూపించుకుంటే వానకి ముందే పని అయిపోతుంది. జిడ్డు శుభ్రం మాత్రం డిసెంబరులో, వానలు తగ్గాక. సంక్రాంతికి అరిసెలూ, జంతికలూ, చేగోడీలూ వండే వారంలో మెకానిక్ కోసం చూస్తే "పండగ తర్వాతే మేడమ్" అంటారు. కొనేవాళ్లు మాత్రం నెలలు చూసుకోనక్కర్లేదు. అడ్వాన్సు ఇచ్చాక, అగ్రిమెంటు రాసుకోకముందు ఒక మధ్యాహ్నం చాలు. ఫ్లాట్‌తో పాటు వచ్చే వస్తువుల జాబితాలో చిమ్నీ పక్కన "పైపు, బయటి మూతతో సహా, పనిచేసే స్థితిలో" అని రాయించండి.